కరువు రిజిస్టరులో మూడో పేరు

దయ్యాలంటే నాకు భయం లేకపోవడం అటుంచి, ఆ మాట వింటేనే ఒళ్లు మండేది. పులివెందుల హైస్కూల్లో సోషల్ చెప్పే రోజుల్లో ఏ పిల్లవాడైనా మామిడితోపులో ఎవరో తెల్లగా కనిపించారని కథ మొదలుపెడితే, వాణ్ణి బెంచీ ఎక్కించి నీ దయ్యానికి ఆధారం చూపించమని నిలదీసేవాణ్ణి. చరిత్ర చెప్పేవాడికి ఆధారం లేని మాట గిట్టదు. ఇప్పుడు నేను రాసేదానికి నా దగ్గరున్న ఆధారాలు తక్కువే. నమ్మేదీ నమ్మనిదీ మీ ఇష్టం. నా తప్పు మాత్రం దాచను.

ముందు నా హాజరు పద్ధతి చెప్పాలి. నేను పేరు పిలిస్తే పిల్లవాడు లేచి నిలబడి పలకాలి. కూర్చుని పలికినా, ఒక్క క్షణం ఆలస్యంగా పలికినా వాడు ఆ రోజు బడికి రానట్టే లెక్క. తల ఎత్తకుండా, "నోరుంది, కాళ్లు లేవా?" అని ఎర్రపెన్సిలుతో అడ్డగీత గీసేసేవాణ్ణి. పిల్లలు నాకు 'కాళ్లు లేవా సారు' అని పేరు పెట్టారు. అది నా చెవిన పడినప్పుడు పైకి కోపం నటించినా లోపల సంబరపడేవాణ్ణి.

నిజానికి ఆ మాట నాది కాదు, మా నాయనది. ఆయన ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. పేరు ఓబులేసు. నేను ఆయన దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాను. ఆయనకు ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు.

మా ఇంటి గొప్ప ఇంకొకటుంది. మా జేజినాయన, అంటే నాయనకు నాయన, పద్దెనిమిది వందల డెబ్బై ఆరులో వచ్చిన ధాత కరువునాడు జమ్మలమడుగు వైపు దొరలు పెట్టిన గంజి శిబిరంలో గుమాస్తా. వేలమందికి గంజి పోయించాడని మా ఇంట్లో దేవుడి కథలా చెప్పుకునేవాళ్లు. ఏటా ఎండాకాలంలో ఒక రోజు ఆయన పేరు మీద మా నాయన వాకిట్లో గంగాళం పెట్టించి వచ్చినవాళ్లందరికీ గంజి పోసేవాడు. ఆ రోజు ఆయన నడక చూడాలి, పెళ్లిపెద్ద కూడా చాలడు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటేడు ప్రొద్దుటూరులో సోషల్ అయ్యవార్లకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. మా తాలూకాల నుంచి ముప్పై మందిమి చేరాం. పాఠం చెప్పడానికి వచ్చినాయన యుద్ధకాలంలో పట్టాళంలో రాతకోతల పని మీద యూరపు వెళ్లి వచ్చినవాడు. బక్కపలచటి మనిషి, గొంతు పెంచేవాడు కాదు. జర్మనీలో యూదులను హిట్లరు చంపించిన సంగతి మా పుస్తకంలో రెండు వాక్యాల్లో ఉండేది. ఆ రెండు వాక్యాలు ఎట్లా చెప్పాలన్నదే ఆయన పాఠం.

ఒక ఇంగ్లీషు పత్రిక నుంచి కత్తిరించిన ఫోటోలు మా చేతికిచ్చాడు. చెప్పుల గుట్టలు, కంచె వెనుక ఎముకల గూళ్లలాంటి మనుషులు. ఆ శిబిరాల్లో పొద్దునా సాయంత్రం అందర్నీ వరుసలో నిలబెట్టి హాజరు తీసుకునేవాళ్లని, నిలబడలేనివాళ్లు ఆ తర్వాత కనపడేవాళ్లు కాదని చెప్పాడు. మాలో ఒకాయన లేచి, మన పిల్లకాయలకు జర్మనీ యాడుందో తెలీదు, యూదులంటే ఎవరో తెలీదు, ఇది వాళ్లకెట్లా ఎక్కుతుందని అడిగాడు. నేను కూడా తలూపాను.

అప్పుడాయన అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. "అక్కడ చంపాలని చంపారు. మన కరువుల్లో చావనిచ్చారు. రెండూ ఒకటని చెప్పకండి, అది అబద్ధం. కానీ రెండుచోట్లా ఒక మనిషి నీడన కూర్చుని పేర్లు రాశాడు. ఆ మనిషి గురించి చెప్పండి, మీ పిల్లలకు అర్థమవుతుంది."

మూడో రోజు అందుకే మమ్మల్ని జమ్మలమడుగు తీసుకెళ్లాడు. పెన్న ఒడ్డున ఒక పాత సత్రంలో మస్తాన్ సాబు అనే ముసలాయన కరువు మ్యూజియం పెట్టాడు. మ్యూజియం అంటే ఒక్క గదే. మస్తాన్ సాబు ఒక సర్కారు కచేరీలో దఫ్తరీగా పనిచేశాడు. పాత రికార్డులకు అట్టలు వేసి కుట్టే పని. పనికిరావని తగలబెట్టమన్న కాగితాల్లోంచి కొన్ని ఇంటికి తెచ్చి దాచుకున్నాడు. రిటైరయ్యాక వాటికి ఈ గది చూసుకున్నాడు.

మేం పోయేసరికి పొద్దున పదకొండు. గదిలో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, వెలుతురు బాగానే ఉంది. గోడవారన మట్టి ముంతలు, మెడలో కట్టుకునే అంకెల రేకుబిళ్లలు, అడుగు అరిగిన ఒక పెద్ద గరిటె. మధ్యలో అద్దం మూత ఉన్న చెక్కపెట్టె, అందులో ఒక రిజిస్టరు. గంజి శిబిరంలో హాజరు తీసిన పుస్తకమని మస్తాన్ సాబు చెప్పాడు.

అద్దంలోంచి చూడగానే నా గుండె ఉప్పొంగింది. ఆ దస్తూరీ నాకు తెలుసు. మా ఇంటి పెట్టెలో జేజినాయన రాసిన జాబులున్నాయి. 'ర' కింద తోకలాగ ఒక మెలిక తిప్పడం ఆయన అలవాటు. ఇది మా జేజినాయన చేతిరాత అని అందరికీ వినపడేట్టు చెప్పాను. అయ్యవార్లు నావైపు గౌరవంగా చూశారు. మస్తాన్ సాబు మాత్రం నన్ను పైనుంచి కిందిదాకా చూసి పెట్టె తాళం తీశాడు.

నాలుగు పేర్లు పైకి చదవమని పాఠం చెప్పే ఆయన అడిగాడు. ఇంకెవరు చదువుతారు? నేనే ముందుకు పోయాను. పేర్ల పక్కన గళ్లలో నల్లసిరా అడ్డగీతలున్నాయి. కొన్ని పేర్లకు వరసగా మూడు గీతలు, ఆ తర్వాత పేరు మీదే పొడుగ్గా ఒక గీత. అవేమిటని నేను అడగలేదు. అడగాల్సింది.

"కుళ్లాయప్ప" అని పిలిచాను. తరగతిలో పిలిచే గొంతే వచ్చింది. పిలిచి ఆగాను. ఇరవై మూడేళ్ల వయసు నుంచి రోజూ చేసిన పని కాబట్టి, పేరు పిలిచాక పలికేదాకా ఆగడం నా వొంటికి పట్టుకుపోయింది. ఎవరూ పలకలేదు. పలకరు కదా. అయినా నా చెయ్యి జేబులోంచి ఎర్రపెన్సిలు తీసి ఆ పేరు పక్కన అడ్డగీత గీసింది. "హుసేన్‌బీ" అన్నాను. ఆగాను. గీశాను. "ఓబులేసు" అన్నాను. మా నాయన పేరే. మా సీమలో ఏ వీధిలో కేకేసినా ఇద్దరు ఓబులేసులు తిరిగి చూస్తారు, అందుకని నేను పట్టించుకోలేదు. ఆగాను. గీశాను.

మూడో గీత పూర్తయ్యాక నా వెనకనుంచి, కిందగా, కూర్చున్నవాళ్ల ఎత్తు నుంచి, ఒక గొంతు వచ్చింది. "ఉండా సామీ."

ఉన్నానని పలికిన ఆ గొంతు నీరసంగా ఉన్నా స్పష్టంగా వినపడింది. నాతోటి అయ్యవార్లు ముగ్గురు తర్వాత నాకు చెప్పారు, తామూ విన్నామని. కానీ ఆ క్షణంలో నేను ఎవరో వెటకారం చేశారనుకున్నాను. తల ఎత్తకుండా, అలవాటు చొప్పున, "నోరుంది, కాళ్లు లేవా?" అన్నాను. అందరూ ఘొల్లున నవ్వారు.

నవ్వు ఆగాక చూస్తే గదిలో కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు. ముప్పై మందీ నిలబడే ఉన్నారు. మస్తాన్ సాబు ముఖం పాలిపోయింది.

"ఆ మాట నీకెవురు సెప్పినారు అయ్యోరూ?" అని అడిగాడు.

మా నాయన అంటాడని చెప్పాను. ఆయన అప్పుడు మా అందరికీ చెప్పాడు. వాళ్ల అవ్వ పదేళ్లప్పుడు ఆ శిబిరంలో ఉండిందట. పేరు పిలిస్తే లేచి నిలబడి పలికినవాళ్లకే గంజి. లేవలేక కూర్చుని పలికితే గుమాస్తా తల ఎత్తేవాడు కాదు, నోరుంది కాళ్లు లేవా అని గీత గీసేవాడు. గీత పడిన పూట గంజి లేదు. గంజి లేకపోతే మరుసటి పూట అసలు లేవలేరు. మూడు గీతలు పడితే పేరు కొట్టేసేవాళ్లు. హుసేన్‌బీ ఆ అవ్వకు చెల్లెలు. ఆరేళ్ల పిల్ల.

"మా అవ్వ సచ్చేదాంక ఒగటే అడిగేది, వాల్లను మల్లా ఎవురన్నా పిలుస్తారా అని" అన్నాడు మస్తాన్ సాబు. "నువ్వు పిలిచినావు. పిలిచి మల్లా గీతే గీసినావు."

సిగ్గుతో చచ్చిపోయాను. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. నేను కూడా ఎవరి ముఖం చూడలేదు.

ఇంటికి చేరి మా నాయనతో చెప్తే మండిపడ్డాడు. మీ జేజినాయన గంజి పోసి బతికించినోడు, ఆ ముసలోడు కట్టుకథలు చెప్తే నువ్వు గంగిరెద్దులా తలూపి వచ్చినావా అన్నాడు. ఆ బుక్కు తెచ్చి పొయ్యిలో పెట్టమన్నాడు. ఎంతో గట్టిగా అరిచాడు గానీ, రిజిస్టరులో నేను పిలిచిన పేర్లేవని అడిగి, మూడో పేరు విన్నాక మాత్రం లేచి లోపలికి పోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మరుసటి రోజు పొద్దున మా హైస్కూలు మొదటి గంట కొట్టారు. ఇంటికి ఆ గంట వినపడుతుంది. వసారాలో కూర్చుని వక్కాకు నములుతున్న మా నాయన దిగ్గున లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "ఉండా సామీ" అన్నాడు. మా అమ్మ నవ్వింది. ఎవురితో మాట్లాడతాండావు అని అడిగింది. ఎవరో పిలిచినారని ఆయన చెప్పాడు. వాకిట్లో ఎవరూ లేరు.

నాలుగు రోజులు అదే వరస. గంట కొట్టగానే లేచి నిలబడి పలికేవాడు. అరవై దాటినా రోజూ పొలం గట్ల మీద నడిచే మనిషి, మూడో రోజుకు స్తంభం పట్టుకుని లేచాడు. నాలుగో రోజు మా అమ్మ చంకలో చెయ్యేసి లేపాల్సి వచ్చింది. పలికేటప్పుడు ఆయన గొంతు మా నాయన గొంతులా లేదు. మ్యూజియంలో విన్న గొంతులాగే నీరసంగా ఉంది. ఈ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అయిదో రోజు ఆయన లేవలేకపోయాడు. మంచం మీద కూర్చునే పలికాడు. పలికాక నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరవను.

"కూచోని పలికితిని రా" అన్నాడు. "రాసుకున్యాడు."

ఆ మధ్యాహ్నం నుంచి గంజి గొంతు దిగలేదు. మా అమ్మ గరిటెతో పోస్తే పోసినట్టే బయటికి వచ్చేది. నీళ్లు దిగుతున్నాయి, గంజి దిగదు. డాక్టరు వచ్చి నాలుక నొక్కి, టార్చి వేసి చూసి, గొంతులో ఏ అడ్డమూ లేదన్నాడు. మందు రాసిచ్చాడు. ఊరందరికీ గంజి పోసిన ఇంట్లో ఇంటి పెద్ద గుక్కెడు గంజికి మాడిపోతున్నాడు. చూసినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. తప్పు జేజినాయనది, గీత నాది, మధ్యలో ఈయన్నెందుకు పట్టుకున్నారని.

రెండు రోజులు అట్లా గడిచాక మా నాయన నన్ను దగ్గరికి పిలిచాడు. జేజినాయన చనిపోయేముందు తనతో ఒక సంగతి చెప్పాడట. గంజి శిబిరంలో ఓబులేసు అని ఒకడు, మూడో గీత పడిన పూట కూర్చునే పలికి, ఒక్కపూట వదిలెయ్యి సామీ, రేపు లేచి నిలబడతానని మొక్కాడట. జేజినాయన తల ఎత్తలేదు. తర్వాత కొడుకు పుడితే ఆ పేరే పెట్టుకున్నాడు. ఏటేటా గంజి పోయమని చెప్పింది కూడా అందుకే.

"నాకంతా తెలుసురా. తెలిసి కూడా ఆ మాటే పిల్లోల్లను అంటా వచ్చినా" అన్నాడు. "నువ్వు పోయి ఆ గీతలు తీసెయ్యి."

మరుసటి పొద్దున్నే రబ్బరు, పెన్సిలు జేబులో వేసుకుని ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయాను. మస్తాన్ సాబు సత్రం అరుగు మీదే ఉన్నాడు. సంగతంతా చెప్పి కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు. జాలిపడ్డాడని చెప్పలేను. గీతలు చెరిపేసి పోతానంటే ఒప్పుకోలేదు.

"సెరిపితే వాల్లకేం వచ్చె? మల్లా పిలువు. ఈసారి నువ్వు నిలబడు. వాల్లు పలికేదాంక కాసుకోని ఉండు. పలికినంక హాజరు ఎయ్యి" అన్నాడు.

పెట్టె తెరిచాడు. నా మూడు ఎర్రగీతలు అట్లాగే ఉన్నాయి. నిలబడి కుళ్లాయప్పను పిలిచాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చెమట కారి కాగితం మీద పడుతుందేమోనని వెనక్కి జరిగాను. అప్పుడు గుమ్మం వైపు నుంచి, "ఉండా సామీ" అని వినపడింది. అటు చూస్తే ఖాళీ గుమ్మం, బయట ఎండ. గీత చెరిపి హాజరు వేశాను. హుసేన్‌బీని పిలిచాను. ఈసారి అంతసేపు పట్టలేదు. చిన్నపిల్ల గొంతు, నా మోచేతి దగ్గరే. మస్తాన్ సాబు తలపాగా అంచు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయాడు. ఆయనా విన్నాడు.

"ఓబులేసు" అని పిలిచాను.

పలకలేదు. నిలబడ్డాను. రెండోసారి పిలిచాను. కాళ్లు పీకుతున్నాయి. మధ్యాహ్నం బస్సు పోతే మళ్లీ సాయంత్రమే. ఇంట్లో మా నాయన ఎట్లా ఉన్నాడో. ఇద్దరు పలికారు, వీడికేం వచ్చింది? నేను ఇంతదూరం వచ్చి, ముసలాయన ముందు తలవంచి, కాళ్లు పడిపోయేలా నిలబడితే, వీడు కావాలని బిగుసుకుని కూర్చున్నాడు అనిపించింది. కచేరీ గంట పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. మూడోసారి పిలిచాను. గంట ఆగేదాకా చెవులు రిక్కించి విన్నాను. ఏమీ లేదు.

"నోరుంది..." అన్నాను. మిగతా మాట మింగేశాను. చెయ్యి మాత్రం ఆగలేదు. పాత గీత పక్కన కొత్త గీత పడింది.

చూసుకునేసరికి ఆలస్యమైపోయింది. గబగబా రబ్బరు తీసి రుద్దాను. కాగితం పెచ్చులు లేచింది గానీ గీత పోలేదు. మస్తాన్ సాబు నా చేతిలోంచి రిజిస్టరు మెల్లగా తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. "అయిపాయ" అన్నాడు.

ఇల్లు చేరేసరికి పొద్దుగుంకుతోంది. వాకిట్లో జనం. మా నాయనను బయట పడుకోబెట్టారు.

మా అమ్మ ఏడుస్తూ చెప్పింది. పన్నెండు గంటలు కొట్టబోతుండగా ఆయన కళ్లు తెరిచి, వాడు పిలుస్తాండాడు, నన్ను లేపు అన్నాడట. ఎవరు అని అడిగితే, మనోడే అన్నాడట. రెండుసార్లు లేవబోయి పడ్డాడు. మూడోసారి ఎవరినీ పట్టుకోకుండా, ఒక్కడే, నిటారుగా లేచి నిలబడ్డాడు. వీధంతా వినపడేట్టు తన పాత గొంతుతో "ఉండా నాయనా" అన్నాడు. సంతోషంగా గంజి పెట్టమని అడిగాడు. మా అమ్మ పరుగున తెచ్చి నోటికి పెట్టింది. మొదటి గుక్క దిగింది. రెండో గుక్క దిగుతుండగానే ఎవరో తట్టినట్టు ఉలిక్కిపడి, గిన్నె వైపు చూస్తూ కూలిపోయాడు. ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు, వీధిలో పోతున్న గాజుల మనిషి, అందరూ ఆ కేక విన్నారు. వాళ్లందర్నీ నేను ఒక్కొక్కరినీ అడిగాను.

తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను. నా తరగతిలో ఎవరూ లేచి నిలబడలేదు. కూర్చునే పలకమన్నాను. వినపడకపోతే వాళ్ల దగ్గరికి పోయి ముఖం చూసి హాజరు వేసేవాణ్ణి. కొత్తగా వచ్చిన పిల్లలకు నా పాత పేరు తెలియదు. మస్తాన్ సాబు పోయాక ఆ గది మూసేశారు. ఆ రిజిస్టరు ఏమైందో కనుక్కోలేదు, నాకు ధైర్యం చాలలేదు.

భ్రమ అందామంటే విన్నవాళ్లు అంతమంది ఉన్నారు. జబ్బు అందామంటే డాక్టరుకు ఏదీ దొరకలేదు. ఎట్లా జరిగిందో, ఎవరు జరిపించారో నేను ఇప్పటికీ చెప్పలేను. తెలిసింది ఒక్కటే. ఆ రోజు మా నాయన లేచి నిలబడి, సమయానికి, ఊరంతా వినేలా పలికాడు. పిలిచినవాణ్ణి నేను. విననిది నేనొక్కణ్ణే.